సగం పూట కొలువు, పూర్తి లెక్క
(మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం ‘ముస్లిం స్త్రీ – ఉద్యోగం’. ఈ శీర్షిక వినగానే మన సభలలో చర్చ ఎటు మళ్లుతుందో మీకూ తెలుసు. స్త్రీ ఉద్యోగం చేయవచ్చునా, కూడదా అన్న చోట మొదలై అక్కడే ముగుస్తుంది. ఈ హాలులో కూర్చున్న సోదరీమణులలో చాలామంది ఉదయం పనిచేసి, మధ్యాహ్నం ఇంత వండిపెట్టి, ఇక్కడికి వచ్చినవారే. ఆ చర్చవల్ల వారికి ఒరిగేది ఏమీ లేదు. సభకు ముందు మీరు వ్రాసి ఇచ్చిన చీటీలు చదివాను. ఎక్కువ చీటీలలో ఉన్న ప్రశ్న మరొకటి. ‘సగం పూట ఉద్యోగం. జీతం అయిదారు వేలు. ఇంటికి వచ్చేసరికి ఒళ్లు హూనమై పిల్లల మీద విసుక్కుంటున్నాను. మానేయనా, ఉండనా?’ ఈ రోజు ఈ ఒక్క ప్రశ్నకే పరిమితమవుతాను.

సగం పూట ఉద్యోగాలు ఎన్నో ఉన్నాయి. క్లినిక్‌లో చీటీలు వ్రాసేవారు, బట్టల దుకాణంలో సాయంత్రాలు నిలబడేవారు, ఇళ్లలో వంటకు వెళ్లేవారు. అయినా మన కుటుంబాలలో ఇంటరో డిగ్రీయో చదివిన ఆడపిల్ల పెళ్లయి తల్లి అయ్యాక ఎక్కువగా చేరేది వీధి చివరి ప్రైవేటు పాఠశాలలో. ఇంటికి దగ్గర, పిల్లలు అదే బడిలో, నడవడికి భయం లేదు అనే మూడు మాటలతో పెద్దలు ఒప్పుకుంటారు. కాబట్టి ఆ ఉద్యోగాన్నే ఉదాహరణగా తీసుకుంటాను. తక్కినవారు తమ పనికి అన్వయించుకోగలరు.

ముందు ఆ ‘సగం పూట’ అన్న మాట సంగతి చూద్దాం. ఉదయం ఎనిమిదిన్నర నుండి ఒంటి గంట వరకు బడి. వారానికి ఆరు రోజులు, అంటే 27 గంటలు. రానూపోనూ రోజుకు గంట చొప్పున మరో 6. నోటుపుస్తకాలు దిద్దడం, యూనిట్ టెస్టు పేపర్లు చూడడం, రేపటి పాఠానికి సిద్ధం కావడం ఇంటిదగ్గరే జరుగుతుంది. అది వారానికి 8 గంటలకు తగ్గదు. మొత్తం 41. నెలకు 176 గంటలు. ఏప్రిల్, మే నెలలలో ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్ల ప్రచారం చేయించే బడులు ఉన్నాయి. ఆ గంటలను నేను ఈ లెక్కలో చేర్చలేదు. ‘సగం’ అన్నది జీతానికే వర్తిస్తున్నది, పనికి కాదు.

ఇప్పుడు డబ్బు లెక్క వేద్దాం. ఇది ఎవరి సొంత లెక్కా కాదు, ఒక నమూనా మాత్రమే. జీతం 6,500. ఆటోకు 1,300. ఫోను రీచార్జి, ప్రాజెక్టు పనులకు చార్టులు, రంగులు వగైరా 300. రెండేళ్ల చిన్నపిల్లను పొరుగింటి ఖాలా దగ్గర ఉంచినందుకు 1,500. మిగిలేది 3,400. దానిని 176 గంటలకు పంచితే గంటకు ఇరవై రూపాయలు కూడా రావు. అయితే ఇక్కడ ఒకటి కలపాలి. పెద్ద పిల్లలు ఇద్దరికీ ఆ బడిలో సగం ఫీజు రాయితీ ఉంది. ఒక్కొక్కరికి ఏడాదికి 18,000 అయితే రాయితీ ఇద్దరికీ కలిపి 18,000. నెలకు 1,500 పడుతుంది. అప్పుడు 4,900. గంటకు ఇరవై ఎనిమిది రూపాయలు. వేసవిలో రెండు నెలలు జీతం ఇవ్వని బడి అయితే ఇంకా తగ్గుతుంది.

చాలా ఇళ్లలో తల్లిని ఆ బడిలో నిలబెడుతున్నది జీతం కాదు, ఈ ఫీజు రాయితీయే. యాజమాన్యానికి ఇది బాగా తెలుసు. మూడేళ్లుగా జీతం పెంచకపోయినా టీచరమ్మ నోరు మెదపదు, ఎందుకంటే ఆమె పిల్లలు ఆ బడిలో ఉన్నారు. పిల్లల చదువు తల్లి మౌనానికి తాకట్టు అయిపోయింది.

ఇంతవరకు వేసిన లెక్కలో ఒక పెద్ద తప్పు ఉంది, ఎవరైనా గమనించారా? పొరుగింటి ఖాలాకు ఇచ్చే 1,500 రూపాయలను తల్లి జీతంలోనుండి తీసివేశాం. ఎందుకు? బిడ్డ ఆమె ఒక్కరి బిడ్డ కాదు కదా! మన షరీఅత్ ప్రకారం భార్యాబిడ్డల పోషణ భారం, మనం నఫఖా అనేది, తండ్రి మీద ఉంది. స్త్రీ సంపాదన స్త్రీదే. ఇల్లు గడవడానికి ఆమె ఖర్చు పెడితే అది ఆమె మంచితనం. బిడ్డను చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు నఫఖాలోని పద్దు, తల్లి జీతంలోనుండి కోసే పద్దు కాదు. అదే 1,500 రూపాయలను భర్త జీతంలోనుండి తీసివేసి చూడండి. ‘ఆయన సంపాదన గిట్టుబాటు కావడం లేదు, మానిపిద్దాం’ అని ఏ అత్తగారైనా అంటారా? లెక్క అదే, కుటుంబం అదే. పద్దు ఎవరి పేరు కింద వ్రాశామన్నదే మారింది. ఆమె ఉద్యోగం ‘దండగ’ అన్న తీర్పు చాలా ఇళ్లలో ఈ ఒక్క పద్దు వల్లనే వస్తున్నది.

అయినా ఈ పద్దు సరిచేసినంత మాత్రాన ఉద్యోగం మంచిదైపోదు. గంటకు ఇరవై ఎనిమిది రూపాయలు ముప్ఫయి ఆరు అవుతాయి, అంతే. ఆ ముప్ఫయి ఆరు రూపాయలకు ఆమె ఏమి ఇచ్చివేస్తున్నదో కూడా చూడాలి.

నేను చాలా ఏళ్లుగా సోదరీమణులకు దరఖాస్తులు, వినతిపత్రాలు వ్రాసిపెడుతున్నాను. ‘మానేస్తాను’ అంటూ వచ్చినవారితో కాస్త కూర్చుంటే ఆ ఒక్క మాట వెనుక వేర్వేరు కష్టాలు బయటపడతాయి. ఒకామెకు బడి అంటే ఇష్టమే. కాని బిడ్డకు ఆయాసం. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తిరగాలి. ఆమె కష్టం ఉద్యోగంలో లేదు. ఆ ఏడాది బిడ్డకు తల్లి అవసరం, అంతే. ఆమెను మానేయమనే చెప్పాను. మరొకామెకు పాఠాలతో ఇబ్బంది లేదు, అడ్మిషన్ల ప్రచారంతోనే. తెలియని వీధులలో తలుపులు తట్టడం, కొందరి చూపులు, కొందరి మాటలు. ఇద్దరం కలిసి ఒక ఉత్తరం వ్రాశాం. ప్రచారానికి బదులు ఆఫీసులో రిజిస్టర్లు వ్రాస్తానన్నది. కరస్పాండెంటుగారు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. ఆమె ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నది.

మూడవ ఆమె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. నాలుగు నెలల జీతం బకాయి. అడిగితే ‘ఫీజులు వసూలు కాలేదమ్మా’ అన్న జవాబు. ఇంట్లో భర్త ‘ఇచ్చే పైసలు లేవు, వెళ్లేది ఎందుకు’ అంటాడు. ఆమెకు రాత్రిళ్లు నిద్ర లేదు. పిల్లలను కొట్టడం మొదలుపెట్టింది. తర్వాత తానే ఏడ్చేది. తాను మంచి తల్లిని కానని, అందుకే ఉద్యోగం మానేయాలని ఆమె నిశ్చయానికి వచ్చింది. ఆమె చెప్పిన కారణం విని నాకు మనసు చివుక్కుమన్నది. నాలుగు నెలలు జీతం ఎగ్గొట్టినది యాజమాన్యం. దోషినని తలవంచుకున్నది తల్లి! ఆ రోజు ఆమె మానేసి ఇంట్లో కూర్చుని ఉంటే బకాయి పోయేది, దోషం ఆమె మీదే నిలిచిపోయేది. ఆమె బకాయి లెక్క కట్టి, తేదీలతో వ్రాతపూర్వకంగా అడిగి, రసీదు తీసుకుని, మూడు విడతలలో వసూలు చేసుకుని, ఆ తర్వాత మానేసింది. మానేయడం రెండు విధాలుగానూ మానేయడమే. కాని ఆమె పిల్లల ముందు నిలబడిన తీరు వేరు.

కాబట్టి సోదరీమణులారా, మానేయాలా వద్దా అని అడిగేముందు మిమ్మల్ని బాధిస్తున్నది ఏమిటో విడదీసి చూసుకోండి. బిడ్డ వయసా? పని స్వభావమా? దూరమా? అవమానమా? రావలసినది రాకపోవడమా? అడిగితే సరిపోయే వాటిని అడగండి. అడగకుండానే ‘ఎలాగూ ఒప్పుకోరు’ అని మనమే జవాబు చెప్పుకొంటాం. లైంగిక వేధింపు అయితే అది సర్దుకునేది కాదు, మౌనంగా తప్పుకునేది కూడా కాదు. 2013 చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతి చోట అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మూడు నెలలలోగా ఇవ్వాలి. తాత్కాలిక ఉద్యోగినులు కూడా ఈ చట్టం రక్షణలో ఉన్నారు.

ఇక ఇంట్లో నిర్ణయం ఎలా జరుగుతున్నదో చూద్దాం. రాత్రి భోజనాలయ్యాక మగవారు, అత్తగారు మాట్లాడుకుంటారు. కోడలు గిన్నెలు కడుగుతూ ఉంటుంది. ఆపై ‘ఈ నెలతో మానెయ్’ అన్న మాట వంటగదిలోకి వస్తుంది. కొన్ని ఇళ్లలో దీనికి విరుద్ధంగా ‘ఫీజు రాయితీ పోతుంది, ఓర్చుకో’ అన్న మాట వస్తుంది. రెండూ తీర్పులే. మష్వరా అంటే ఇది కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 233వ ఆయతు పసిబిడ్డ పాలు మాన్పించే విషయం ప్రస్తావిస్తుంది. రెండేళ్లకు ముందే పాలు మాన్పించాలంటే తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదించుకుని ఆ పని చేయవచ్చునని అక్కడ ఉంది. పాలు మాన్పించడానికే ఇద్దరి అంగీకారమూ సంప్రదింపూ ఉండాలంటే, తల్లి పగలంతా ఎక్కడ ఉండాలన్న నిర్ణయానికి అవి అక్కరలేదా? ఇక్కడున్న సోదరులు దయచేసి ఆలోచించాలి. భార్యను కూర్చోబెట్టి, కాగితం మీద లెక్క వేసి, ఆమె మాట పూర్తిగా వినడానికి ఒక్క సాయంత్రం చాలు. ఆ సాయంత్రం గిన్నెలు మీరు కడిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు చట్టం. ‘మేడమ్, మీరు పార్ట్‌టైమ్ కదా, మీకవేమీ వర్తించవు’ అన్న మాట మీలో చాలామంది విన్నారు. పార్ట్‌టైమ్ అన్నది మినహాయింపు మంత్రం కాదు. ఇరవైమంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థకు భవిష్యనిధి చట్టం వర్తిస్తుంది. 15,000 లోపు జీతం ఉన్నవారిని అందులో చేర్చవలసిందే. సగం పూట అని వదిలివేయడానికి వీలులేదు. సంస్థ ఈఎస్‌ఐ పరిధిలో ఉంటే 21,000 వరకు జీతం ఉన్నవారికి వైద్యం అందుతుంది. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసిన గర్భిణికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల వేతన సెలవు ఉంది. ఇద్దరు ఉన్న తర్వాత అయితే 12 వారాలు. పదిమంది సిబ్బంది ఉన్న బడికీ ఇది వర్తిస్తుంది. కాన్పు రాగానే ‘మానేసి మళ్లీ చేరండి’ అనడం అన్యాయం. ప్రసూతి సెలవులో ఉన్న తల్లిని తొలగించడం చట్టవిరుద్ధం. 2025 నవంబరు 21న నాలుగు కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి, పాత చట్టాలు వాటిలో కలిశాయి. అందువల్ల ఈ హక్కులు పోలేదు, ఉన్న చోటు మారింది.

గ్రాట్యుటీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే టీచర్లలో దీని సంగతి తెలిసినవారు అరుదు. ఉపాధ్యాయులను గ్రాట్యుటీ పరిధిలోకి తెస్తూ 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 1997 ఏప్రిల్ 3 నుండి వర్తించేలా చేసింది. ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాలు దీనిపై న్యాయస్థానాలకు వెళ్లాయి. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. పదిమంది సిబ్బంది ఉన్న బడిలో అయిదేళ్లు విడవకుండా పనిచేసిన టీచరు, రాజీనామా చేసినా సరే, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున తీసుకోవచ్చు. 6,500 జీతంతో ఆరేళ్లు చేసినవారికి ఎంత? 26తో భాగించి, 15తో గుణించి, ఆరేళ్లకు లెక్కవేస్తే 22,500 రూపాయలు. మూడున్నర నెలల జీతం! రాజీనామా కాగితం ఇచ్చి, మిఠాయి పంచి, ఈ డబ్బు అడగకుండా వచ్చేసిన టీచరమ్మలు ఈ పట్టణంలో ఎంతమంది ఉన్నారో! అయిదేళ్లు నిండడానికి రెండు మూడు నెలలే తక్కువైతే, ప్రాణం మీదికి వచ్చిన కష్టం కానంతవరకు, ఆ కొద్ది నెలలు ఆగమనే నా సలహా.

ఒక నిజం కూడా చెప్పాలి. టీచరు ‘కార్మికుల’ నిర్వచనంలోకి రారని 1988లో సుప్రీంకోర్టు పారిశ్రామిక వివాదాల చట్టం కింద తీర్పు ఇచ్చింది. అందువల్ల ఫ్యాక్టరీ కార్మికునికి ఉన్న దారులన్నీ టీచరుకు లేవు. అందుకే ప్రతిదీ కాగితం మీద ఉండాలని నేను అంతగా పట్టుబడతాను. నియామక పత్రం, జీతం పడిన బ్యాంకు ఖాతా వివరాలు, హాజరు రిజిస్టరు ఫోటో, వాట్సాప్‌లో వచ్చిన ఆదేశాలు. చేతికి నగదు ఇచ్చే బడి అయితే మీ డైరీలో తేదీ, మొత్తం వ్రాసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు బడిలో పెట్టించుకొనే అలవాటు ఉంది. అది ఒక రకం నిర్బంధం. మీ డిగ్రీని తాకట్టు పెట్టుకొనే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. చూపించి, నకలు ఇచ్చి, ఒరిజినల్ వెనక్కి తీసుకోండి. ఇప్పటికే ఇచ్చివేసినవారు రాజీనామా మాట ఎత్తకముందే, బ్యాంకు పని అనో మరో దరఖాస్తు అనో చెప్పి తెచ్చుకోండి.

ఇప్పుడు కొందరికి రుచించని మాట ఒకటి. నేను చెబుతున్న బడులలో అనేకం మనవే. మన సొసైటీలు, మన ట్రస్టులు, మన పెద్దలు నడుపుతున్నవే. రాజ్యాంగంలోని 30వ అధికరణ మనకు విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించుకొనే హక్కు ఇచ్చింది. ఆ హక్కుకు ఎవరు అడ్డు వచ్చినా ఈ పత్రికా, ఇక్కడున్న కార్యకర్తలూ గళమెత్తారు, ఎత్తాలి కూడా. కాని ఆ అధికరణ నీడలో నిలబడి టీచరమ్మకు నాలుగు నెలలు జీతం ఎగ్గొట్టవచ్చునని అందులో ఎక్కడా లేదు. మైనారిటీ సంస్థలకు కూడా కార్మిక చట్టాలు వర్తిస్తాయని వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 1987లోనే తేల్చింది. ప్రభుత్వ ఉద్యోగులకు రంజాన్ మాసంలో సాయంత్రం గంట ముందు ఇంటికి వెళ్లే వెసులుబాటు ప్రభుత్వం ఇస్తుంది. మనవారు నడిపే కొన్ని బడులలో ఉపవాసమున్న టీచరమ్మకు ఆ గంట దొరకదు. ఇది చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

చిన్న బడుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. రిక్షావాని బిడ్డకు, పంక్చరు దుకాణం వాని బిడ్డకు తక్కువ ఫీజుతో చదువు చెబుతున్నారు. ఫీజులు సరిగా రావు. భవనం అద్దె కట్టాలి. కాని ఆ సేవకు అయ్యే ఖర్చును ఎవరు భరిస్తున్నారు? దాతల పేర్లు గోడమీద పాలరాతి పలకలపై చెక్కి ఉంటాయి. గంటకు ఇరవై ఎనిమిది రూపాయలకు పనిచేసి ఆ బడిని నిలబెడుతున్న తల్లుల పేర్లు ఏ పలకమీదా లేవు. నిజానికి ఆ బడికి అతి పెద్ద దాతలు వారే. జీతం పెంచే శక్తి లేని యాజమాన్యం కూడా పైసా ఖర్చు లేకుండా కొన్ని చేయగలదు. జీతం ఒక తేదీకి ఇవ్వవచ్చు. పసిబిడ్డ ఉన్న టీచరుకు మొదటి పీరియడు లేకుండా టైమ్‌టేబుల్ వేయవచ్చు. నోటుపుస్తకాలు బడి వేళలలోనే దిద్దేందుకు రోజుకు ఒక పీరియడు ఖాళీ ఇవ్వవచ్చు. మూడేళ్లు దాటిన టీచరు మానేసినా ఆ విద్యాసంవత్సరం చివరిదాకా పిల్లల ఫీజు రాయితీ కొనసాగించవచ్చు. ఈ సభలో కమిటీ సభ్యులు ముగ్గురు నలుగురు కనిపిస్తున్నారు. మీ తదుపరి సమావేశంలో ఈ నాలుగు విషయాలు పెట్టి చూడండి.

ఇక నా అభిప్రాయం సూటిగా అడిగారు కనుక చెబుతాను. ఉద్యోగం వల్ల మీ ఆరోగ్యం చెడుతున్నా, బిడ్డ మీద చేయి లేస్తున్నా, అడిగినా ఏదీ మారకపోయినా మానేయండి. అందులో ఓటమి లేదు. గంటకు ఇరవై ఎనిమిది రూపాయల కోసం ఎవరూ తమను కాల్చుకోనక్కరలేదు. ‘చదివించింది దండగ’ అన్న మాటకూ, ‘మేం ముందే చెప్పాం’ అన్న మాటకూ సమానంగా చెవులు మూసుకోండి. కాని బంధువుల దెప్పిపొడుపుకు, తప్పుగా వ్రాసిన ఆ పద్దుకు మాత్రం మానేయకండి. పని నచ్చి, బిడ్డ కుదురుగా ఉండి, ఒక్క అడ్డంకి ఉంటే ఆ అడ్డంకినే తొలగించుకోండి.

ఒంటరి తల్లుల విషయం వేరు. భర్త చనిపోయినవారు, విడిపోయినవారు. వారికి ‘మానేయండి’ అని వేదికమీదినుండి చెప్పడం నాకు తేలిక, వారికి ఆ రోజు పొయ్యి వెలగదు. మన రాష్ట్రంలో వితంతు పింఛను నెలకు 4,000. అది ఆసరాయే, ఇల్లు గడిచే ఆదాయం కాదు. అలాంటి సోదరీమణులు మరో పని ఖాయం కానిదే ఉన్నదాన్ని వదలవద్దు. పుట్టింటివారు, మస్జిదు కమిటీవారు వారికి చేయగల అసలు మేలు సానుభూతి కాదు. ఆ మూడు నాలుగు నెలల వ్యవధికి ఇంటి అద్దె భరించడం.

మానేసే సమయాన్ని కూడా ఆలోచించుకోవాలి. విద్యాసంవత్సరం మధ్యలో మానేస్తే పిల్లల ఫీజు రాయితీ ఒక్కసారిగా పోయి మిగిలిన వాయిదాలు మీదపడతాయి. ఏప్రిల్‌లో మానేస్తే కొత్త బడి చూసుకునేందుకు వ్యవధి ఉంటుంది. ఒకటవ తరగతిలో చేరబోయే బిడ్డ ఉంటే, విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు పాఠశాలలలో 25 శాతం ఉచిత సీట్లకు దరఖాస్తు చేయండి. మైనారిటీ సంస్థలకు ఆ నిబంధన వర్తించదు, కాబట్టి ఇతర బడులలో చూడాలి. ‘తల్లికి వందనం’ పథకం డబ్బు మీ ఉద్యోగంతో ముడిపడినది కాదు. ఒక్కో బిడ్డకు 15,000లో బడి నిర్వహణకు 2,000 పోగా 13,000 మీ ఖాతాకు వస్తుంది. అర్హత ఉన్నవారు మానేశాక కూడా పొందవచ్చు. రాయితీ పోతుందన్న భయాన్ని ఈ రెండింటితో కలిపి తూచండి. అప్పుడు ఆ భయం అసలు బరువు ఎంతో తెలుస్తుంది.

మానేసినవారు ఇంట్లో ‘ఖాళీగా’ ఎవరూ ఉండరు. నెల తిరగకుండానే ఇంటికి పని వచ్చి చేరుతుంది. జర్దోసీ, కుట్టుపని, ప్యాకింగు. మన స్త్రీలు ఎక్కువగా ఇంటి దగ్గర చేసే పనులలో ఉన్నారని 2006లో సచార్ కమిటీ వ్రాసింది. ఆ పనిలో గంటలకు లెక్క లేదు, బేరం మధ్యవర్తిది. ఇరవై ఎనిమిది రూపాయల నుండి తప్పించుకుని పది రూపాయలలో పడకండి. ట్యూషన్ చెప్పుకోవడం అంతకంటే గౌరవమైన మార్గం. బీఈడీ, డీఈడీ ఉన్నవారు టెట్ వ్రాయండి. ఒకసారి అర్హత సాధిస్తే జీవితాంతం చెల్లుతుందని 2021లో మార్చారు. 2025లో మన రాష్ట్రంలో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగింది. మళ్లీ వచ్చేనాటికి బీసీ–ఈ ధ్రువపత్రం, సర్టిఫికెట్లు ఒక సంచిలో సిద్ధంగా ఉండాలి. చదువు మధ్యలో ఆగినవారికి కర్నూలులో అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. భవిష్యనిధి డబ్బు మానేసిన మరునాడే తీసేయాలని తొందరపడకండి. అదే నంబరు మీద తర్వాతి ఉద్యోగంలో కొనసాగించవచ్చు. మొత్తం సర్వీసు పదేళ్లు నిండితే పింఛను హక్కు వస్తుంది. మధ్యలో తీసేసినవారి లెక్క మళ్లీ సున్నా నుండి మొదలవుతుంది.

రాజీనామా లేఖలో కోపం వ్రాయవద్దు. చేరిన తేదీ, మానేస్తున్న తేదీ, చివరి జీతం, రావలసిన బకాయి, గ్రాట్యుటీ, భవిష్యనిధి వివరాలు, అనుభవ ధ్రువపత్రం కావాలన్న అభ్యర్థన, ఇవి చాలు. రెండు ప్రతులు వ్రాసి ఒకదానిమీద సంతకం, ముద్ర వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కొత్త వేతన స్మృతి ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసిన తర్వాత రెండు పనిదినాలలో జీతం బకాయి చెల్లించాలి. ఆ సంగతి కూడా లేఖలో ఒక్క వాక్యంగా వ్రాయండి.

నమూనా లేఖ తెలుగులోనూ ఉర్దూలోనూ తెచ్చాను, వెనుక బల్లమీద ఉంది. అసర్ నమాజు తర్వాత నేను ఇక్కడే ఉంటాను. నియామక పత్రాలు, జీతం వివరాలు వెంట తెచ్చుకున్నవారు రండి, గ్రాట్యుటీ లెక్క కలిసి వేద్దాం. సోదరులు కూడా తమ భార్యల తరఫున కాక, తమ భార్యలతో కలిసి రావచ్చు.